పద్నాలుగు తలల ఆచూకీ

సోమవారం పొద్దున తొమ్మిదింటికి హారతి బీరువా తెరిచేసరికి అయిదు మొండేలు ఎక్కడివక్కడే ఉన్నాయి గాని, పద్నాలుగు తలలూ మాయమయ్యాయి.

మొండేలు పై అరలో తెల్లగుడ్డ మీద, చేతులు రెండూ పొట్టకు ఆనించుకుని బుద్ధిగా పడుకున్నాయి. తలలు దాచే పాత ఫొటో ఆల్బమ్ కింది అరలోనే ఉంది. దాని నాడా ముడి వేసే ఉంది. హారతి ముడి విప్పి మొదటి పేజీ తిప్పింది. ఖాళీ. రెండోది ఖాళీ. చివరి పేజీ దాకా తిప్పి, మళ్లీ వెనక నుంచి ముందుకు తిప్పి, ఆల్బమ్‌ను తలకిందులు చేసి దులిపింది. నేల మీద ఒక్క దారపు పోగు పడింది.

"శివా, తలలేవి?"

కిటికీ పక్కన కంప్యూటర్ ముందున్న శివకృష్ణ హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపాడు. "ఏ తలలు?"

"మనయి రెండు వదిలేసి మిగిలినయి."

శివకృష్ణ లేచొచ్చి ఆల్బమ్ చూశాడు. బీరువాలోకి వంగి చూశాడు. బీరువా వెనక చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అతను హారతికి నాలుగేళ్ల స్నేహితుడు, గేమ్ పనిలో జంట.

అవి చైనా తోలుబొమ్మల తలలు. కాగితమంత పలచగా గీకిన ఆవుతోలు మీద వెంట్రుకవాసి గాట్లు పెట్టి, ఎరుపూ పచ్చా నలుపూ అద్దిన తలలు. ఒక్కోటి బొటనవేలి కన్నా కొంచెం పెద్దది. చెక్కిన మనిషి పోయి ముప్పై ఏళ్లయింది. ఆయన కూతురు వెయ్ ఫెంగ్లాన్ ఇంకా ఉంది. డెబ్బై ఆరేళ్ల ఆ అవ్వ చైనాలో షాన్‌షీ దిక్కు ఒక ఊళ్లో ఇప్పటికీ దీపం ముందు బొమ్మలాడిస్తుంది. ఏడాదిన్నర కిందట తండ్రి చేతి పనిలో అయిదు మొండేలు, పద్నాలుగు తలలు ఏరి, ముఖం చూసి ఎరగని ఈ సూరత్ పిల్లకు నమ్మి పంపింది.

అసలు ఈ పిచ్చి పట్టించింది ఒక ఇంజనీరు. సూరత్ పక్కన కడోదరాలో కొత్త మగ్గాలు బిగించడానికి చైనా నుంచి వచ్చినవాడు వెళ్తూ వెళ్తూ హారతి నాన్న కమలాకర్‌కు ఒక తోలుబొమ్మ ఇచ్చిపోయాడు. నాన్న దాన్ని టీవీ పక్కన ఆనించి మరిచిపోయాడు. హారతి మరిచిపోలేదు. మూరెడు బొమ్మ. మెడ దగ్గర ఒక పుల్ల, చేతులకు రెండు పుల్లలు. మెడలో తల దూర్చే చిన్న పట్టీ. తల మారిస్తే మనిషే మారిపోతాడు. అప్పటికే ఫోన్లలో ఆడే చిల్లర ఆటలు తయారు చేస్తున్న హారతికి, ఆ మూడు పుల్లలు చూడగానే గేమ్ కంట్రోలర్ గుర్తొచ్చింది.

"మన దగ్గర బొమ్మలాట లేదా బిడ్డా, చైనా దాక పోవాల్నా?" అని అప్పట్లో కార్ఖానా ఫిట్టరు సోమలింగం ఎగతాళి చేశాడు.

"మన బొమ్మలు మనిషంత ఉంటయి కాకా. ఆడించెటోడు ఒళ్లంత ఊపి గంతులెయ్యాలె. ఇది రెండు చేతుల్ల ఇముడుతది."

ఆ బొమ్మలాడించేవాళ్లను వెతుక్కుంటూ పోతే ఫెంగ్లాన్ అవ్వ దొరికింది, అలా మొదలైంది ఈ గేమ్. అందులో ఒక ఉప్పు బేరగాడు ఏడు కనుమలు దాటాలి. బటన్ నొక్కితే పరుగెత్తే వీరుడు కాడు వాడు. కంట్రోలర్ మీది రెండు పుల్లలూ వాడి రెండు చేతులు. వేలితో నొక్కితే బొమ్మ తెరకు అతుక్కుని నీడ కత్తిరించినట్టు పడుతుంది. వదిలితే వెనక్కి జరిగి, పెద్దదై, మసకబారుతుంది. కావలివాళ్లను దాటాలంటే తల మార్చాలి. గుమాస్తా తల పెడితే దండం పెడతారు. ముసలమ్మ తల పెడితే మంచినీళ్లిస్తారు. విదూషకుడి తల పెడితే తన్ని తరిమేస్తారు, కాని తన్నినప్పుడు అవతలి పక్కనే పడతాడు.

ఆట ముగిశాక బొమ్మ తల తీసి వేరుగా దాచాలని ఫెంగ్లాన్ అవ్వ మొదటి రోజే చెప్పింది. తల ఉన్న బొమ్మ చీకట్లో లేచి తిరుగుతుందని వాళ్ల దగ్గర నమ్మకం. ఆ మాట హారతికి ఎంత నచ్చిందంటే, గేమ్‌లోనూ అదే పెట్టింది. బేరగాడి తల తీసి పక్కన పెడితేనే ఆట సేవ్ అవుతుంది. బయట కూడా ప్రతి సాయంత్రం స్వయంగా తలలు తీసి ఆల్బమ్‌లో పెట్టేది. శుక్రవారం సాయంత్రం కూడా పెట్టింది. పెట్టి, పిన్ని కూతురి పెళ్లికని సిరిసిల్ల వెళ్లింది.

బుధవారం జరగాల్సిన వీడియో కాల్‌ను అవ్వ మనవరాలు సోమవారానికి మార్చకపోతే, మంగళవారం దాకా అక్కడే ఉండేది.

ఇవాళ సాయంత్రం నాలుగింటికి ఆ కాల్. తన తండ్రి చెక్కిన ముఖాలు గేమ్‌లోకి వెళ్లొచ్చా లేదా అవ్వ తేల్చేది ఇవాళే. ఒకటే షరతు పెట్టింది. ముందు తన కళ్లెదుట బొమ్మకు తల తొడిగి ఆడించి చూపాలి, తర్వాతే గేమ్. "బొమ్మలను చూసుకోవడం చేతకానివాళ్లకు మా నాన్న ముఖాలు ఇవ్వను" అని పోయిన నెలలోనే కుండబద్దలు కొట్టింది. అవ్వ కాదంటే ఏడాదిన్నర పని గంగలో కలిసినట్టే. గేమంతా ఆ పద్నాలుగు ముఖాల మీదే నిలబడి ఉంది.

గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది.

"టెన్షన్ నహీ," అన్నాడు చివరికి శివకృష్ణ. "తలల స్కాన్లు ఉన్నయి కదా. కాల్‌ల కెమెరా ఖరాబైందని చెప్పి డైరెక్ట్ గేమే చూపిద్దాం."

"ఏడాదిన్నర నమ్మిన మనిషికి కెమెరా ఖరాబని చెప్తావా?"

"మరి తలలు ఖరాబని చెప్తవా?"

హారతి అతని వైపు కొంచెం ఎక్కువసేపే చూసింది. అసలు బొమ్మలెందుకు, అంతా లెక్కలే, స్కాన్ చేసి తిరిగి పంపేద్దాం అని మొదటి నుంచీ సణుగుతున్నది ఇతనే. శివకృష్ణకు ఆ చూపు అర్థమైంది. తన బ్యాగ్ తీసి బల్ల మీద బోర్లించాడు. చార్జర్, దువ్వెన, పొద్దుటి టిఫిన్‌కు తెచ్చిన శనగపిండి లోచో పొట్లం, రెండు ఎర్ర ఉల్లిపాయ ముక్కలు.

"శనివారం, ఆదివారం నేను లింబాయత్‌ల ఇంట్లనే ఉన్న. మా అమ్మను అడుగు. ఉల్లిపాయ కూడా తనిఖీ చెయ్యి, అందుల దాచిన్నేమో."

"సారీ."

"సారీ కాదు, లోచో చల్లారుతుంది, తిను. ఖాళీ కడుపుతో దొంగలను పట్టలేం."

తింటూనే హారతి ఆలోచించింది. గది తాళం పగల్లేదు. బీరువా తాళపుచెవి తలుపు వెనక మేకుకే ఉంటుంది, ఆ సంగతి ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. కంప్యూటర్లు మూడూ ఉన్నాయి. కెమెరా ఉంది. దొంగైతే వాటిని వదిలి బొటనవేలంత తోలుముక్కలు తీసుకుపోడు. పోనీ తీసుకుపోయినా, ఖాళీ ఆల్బమ్‌కు నాడా కట్టిపోడు.

ఆ ముడి. విప్పేముందు చేతికి తగిలిన ముడి ఆమెకు గుర్తుంది. తను వేసేది బూట్ల లేసులాంటి పూల ముడి. ఇది తెగిన పోగును అతికే నేత ముడి. చిన్నగా, గట్టిగా, ఎటు లాగినా జారకుండా ఉండేది. చూసుకోకుండానే వేళ్లు వేసేసే ముడి.

అంటే దొంగ మగ్గం మనిషి. సూరత్ శివార్లలోని ఉన్, సచిన్ పేటల్లో కలిపి అలాంటివాళ్లు కొన్ని వేలమంది. ఈ గది కిందనే, నాన్న కార్ఖానాలో, పదహారు మగ్గాల మధ్య ఎనిమిది మంది.

మొదట బాలవ్వ దొరికింది. కింద కండెలు చుట్టి, పొద్దునా సాయంత్రం పైగది ఊడ్చేది ఆమే. చీపురు పట్టుకుని మెట్లెక్కి వచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"పెద్దమ్మా, బీరువాలకెళ్లి ఏమన్న తీసినవా?" అంది హారతి, వీలైనంత మెత్తగా.

బాలవ్వ చీపురు గోడకు ఆనించి, కొంగు సర్దుకుంది. ముఖం ఎర్రబడింది.

"తీయలే బిడ్డా. పెట్టిన."

"ఏం పెట్టినవ్?"

బాలవ్వ బీరువా వెనక చెయ్యి పెట్టి ఎండిపోయిన నిమ్మకాయ, పసుపు గుడ్డలో కట్టిన ఏడు మిరపకాయలూ తీసి బల్ల మీద పెట్టింది. "మూడు నెలలైంది. దినాం పొద్దుగాల ఒచ్చి ఊడ్చి, బీరువ తెరిచి దుమ్ము దులుపుతుంటే తలకాయ లేని మనుషులు పండుకొని ఉంటరు. నాకు గుండె దడదడ. నీకు చెప్తె నవ్వుతవని చెప్పలే."

శివకృష్ణ నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

"మరి తలలు?"

"తలకాయలు నాకెందుకు బిడ్డా, మొండేల తోనే సస్తున్న."

పదకొండు దాటేసరికి కార్ఖానాకంతా సంగతి తెలిసిపోయింది. అందరికన్నా ముందు వెతకడానికి వచ్చింది సోమలింగం. యాభై ఎనిమిదేళ్ల మనిషి. హారతి ఊయలలో ఉన్నప్పటి నుంచీ ఈ మగ్గాలకు ఆయనే వైద్యుడు. బ్యాటరీ లైటు పట్టుకుని, మోకాళ్ల మీద పాకుతూ, బల్లల కింద, ఏసీ వెనక, వైర్ల గుట్టలో వెతికాడు. దుమ్ము కొట్టుకుపోయిన బనీనుతో లేచి, తీర్పు చెప్పాడు.

"ఎలుకలు బిడ్డా. తోలంటే ఎలుకలకు పాయసం అసొంటిది. నేను బొంబాయి దిక్కు భీవండి మగ్గాల మీద ఉన్నప్పుడు ఒక్క రాత్రిల పన్నెండు పిక్కర్లు తిన్నయి."

పిక్కర్ అంటే మగ్గంలో షటిల్‌ను అటూ ఇటూ కొట్టే గట్టి తోలు ముక్క. ఇప్పుడు ప్లాస్టిక్‌వి వచ్చాయి గాని, సోమలింగానికి వాటి మీద గౌరవం లేదు.

"ఎలుకలు నాడా ముడేస్తయా కాకా?" అంది హారతి.

"సూరత్ ఎలుకలు గద, ఏమన్న జేస్తయి." సోమలింగం తల గోక్కున్నాడు. "ఇగ పరేషాన్ గాకు బిడ్డా. ఆ ఎర్రమొకపాయన మెడ ఎట్లనో పగిలే ఉండె. ఇంకో నెలైతే అదే ఊడిపోవు. చైనా అవ్వకు ఫోన్ జేసి ఎలుకలని చెప్పు. వాళ్ల దేశంల ఎలుకలుండవా?"

ఆయన వెళ్లిపోయాడు. హారతి మళ్లీ వెతుకులాటలో పడింది. మెట్ల కింద, డాబా మీద, చెత్తబుట్టలో, వీధి చివరి చెత్తకుప్ప పక్కన కూడా. ఎర్రటి ఎండ. ఒంటిగంటకు తిరిగొచ్చి కూర్చునేసరికి ముఖం కందిపోయింది. శివకృష్ణ ఏసీ పెంచాడు. ఇద్దరూ అవ్వకు ఏం చెప్పాలో ఒక కాగితం మీద మూడుసార్లు రాసి మూడుసార్లు చింపేశారు.

రెండు గంటలకు బాలవ్వ చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టింది. హారతి దాని సంగతే మరిచిపోయింది. పది నిమిషాల తర్వాత గ్లాసు ఎత్తబోయి, ఆగింది.

చాయ్ మీద మీగడ కట్టింది.

మామూలుగా ఇది ఎవరూ పట్టించుకునే సంగతి కాదు. కాని ఈ గదిలో చాయ్ మీద మీగడ కట్టదు. కింద పదహారు మగ్గాలు కొట్టే దెబ్బకు నేల వణుకుతూ ఉంటుంది. కంప్యూటర్ బల్లల కాళ్ల కింద టైరు ముక్కలు పెట్టుకుంటే గాని పని జరగదు. గ్లాసులో చాయ్ ఎప్పుడూ గుండ్రంగా అలలు కొడుతూనే ఉంటుంది. రెండేళ్లలో ఒక్కసారీ దాని మీద పొర నిలబడలేదు.

హారతి చెవి రిక్కించింది. మగ్గాల చప్పుడు మోగుతూనే ఉంది. కాని సరిగ్గా తన కుర్చీ కింద నుంచి, అరికాళ్లకు తగిలే దెబ్బ లేదు.

"శివా, మన కింద ఏ నంబర్ మిషిన్?"

"తొమ్మిది. ఎందుకు?"

"అది నడుస్తలేదు."

"రిపేర్ అయ్యుంటది."

సోమలింగం ఉన్నచోట మగ్గం ఒక పూట ఆగితే గొప్ప. ఉన్‌లో ఆయన పేరు చెప్పుకునేదే అందుకు. పొద్దున వచ్చినప్పటి నుంచీ తొమ్మిది ఆగే ఉంటే, ఆయన దాని పక్కన స్పానర్‌తో ఉండాలి గాని, పైన మోకాళ్ల మీద పాకుతూ ఎలుకల కోసం వెతకడమేమిటి?

అప్పుడే ఇంకో మాట, ఎప్పటి నుంచో చెవిలో ముల్లులా ఉన్నది, బయటికొచ్చింది. ఎర్రమొకపాయన మెడ పగిలే ఉండె.

ఆ పగులు హారతి చూసింది శుక్రవారం మధ్యాహ్నం. ఎర్ర ముఖం సేనాపతి మెడ దగ్గర, గోరంత పొడుగు. భయమేసి ఎవరికీ చెప్పలేదు. శివకృష్ణకు కూడా చెప్పలేదు. తల తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే తప్ప కనబడని పగులు అది.

ఆమె చాయ్ తాగకుండానే మెట్లు దిగింది.

తొమ్మిదో మగ్గం మీద బూడిదరంగు గుడ్డ కప్పి ఉంది. పక్క మగ్గాలు చెవులు చిల్లులు పడేలా కొట్టుకుంటున్నాయి. నాలుగు మగ్గాల అవతల సోమలింగం ఏదో బోల్టు బిగిస్తున్నాడు. హారతిని చూసి, అప్పటికే బిగిసిన బోల్టును మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు.

హారతి గుడ్డ లాగేసింది.

పోగులు ఎత్తి దించే చట్రానికి, వరసగా, పద్నాలుగు తలలు వేలాడుతున్నాయి. ఒక్కోదాని మెడపట్టీలోంచి సన్నటి దారం పోనిచ్చి, ఒకదానికొకటి తగలకుండా జానెడు దూరంలో కట్టి ఉన్నాయి. పైనున్న గవాక్షంలోంచి మధ్యాహ్నపు వెలుతురు వాటి మీద పడి, ఎదుటి గోడ మీద ఎర్రటి సేనాపతి, పచ్చటి గుమాస్తా, ముసలమ్మ, విదూషకుడు మెల్లగా తిరుగుతున్నారు. చుట్టూ మిగతా మగ్గాలు నడుస్తుంటే నీడలు కూడా తాళం వేస్తున్నట్టు వణుకుతున్నాయి.

హారతి ఒకదాన్ని ముట్టుకుంది. వేలికి జిడ్డు అంటింది. నూనె.

 తలలు దొరికాయన్న సంతోషం అరనిమిషం కూడా నిలవలేదు. మూడు తరాల కిందటి తోలుకు, ఎవరో, ఏదో నూనె పూశారు.

"కాకా," అని కేకేసింది మగ్గాల హోరులో. "ఇదేంది?"

సోమలింగం వచ్చి, తలల వరస కింది నుంచి పైకి చూశాడు. మొదటిసారి చూస్తున్నంత శ్రద్ధగా చూశాడు.

"అరె. ఇక్కడున్నయా," అన్నాడు. "ఎవలు వెట్టిన్రో ఏమో. నేనైతే ఈ మిషిన్ దిక్కే రాలే."

ఆయన చొక్కా జేబులోంచి, తీస్తే మగ్గం ఆగిపోయే తొమ్మిదో నంబర్ బెల్టు పిన్ను సగం బయటికి కనిపిస్తోంది.

అబద్ధమని హారతికి తెలిసిపోయింది. కోపం వచ్చింది గాని, నాలుగింటికి ఇంకా గంటన్నరే ఉంది. ఒక్కో దారం విప్పుకుంటూ తలలను పళ్లెంలో పేర్చుకుని పైకెక్కింది. పైన శివకృష్ణ వాటిని చూసి, "మిల్ గయా" అని లేచి, వాసన చూసి మళ్లీ కూర్చున్నాడు.

"ఇప్పుడేం చెప్తం?"

"ఉన్నదే చెప్తం," అంది హారతి.

సరిగ్గా నాలుగింటికి తెర మీద ఫెంగ్లాన్ అవ్వ ముఖం కనిపించింది. పొట్టి తెల్లజుట్టు, మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు. పక్కన ఇంగ్లిష్ తెలిసిన మనవరాలు. అవ్వ పలకరింపులూ అవీ పెట్టుకోలేదు. తల తొడుగు, చూద్దాం అన్నట్టు చెయ్యి ఊపింది.

హారతి ఎర్ర సేనాపతి తల తీసి మొండెం పట్టీలోకి దూర్చింది.  వెనక దీపం వెలిగించి, కింద నేసిన తెల్లగుడ్డ తెరకు బొమ్మను అదిమింది.

తెర మీద తేనె సీసా వెనక దీపం పెట్టినట్టు ఎరుపు వెలిగింది. ఏడాదిన్నరగా చూస్తున్న బొమ్మే. ఇంత ఎరుపు అందులో ఉందని హారతికి తెలియదు. కనుబొమ వెంట్రుకలు ఒక్కోటి లెక్కపెట్టొచ్చు. నడిపిస్తే మెడ దగ్గర టకటకమనే చప్పుడు లేదు. తల నెమ్మదిగా, ఒక క్షణం ఆలస్యంగా, బతికున్న మనిషిలా తిరిగింది.

అవతల అవ్వ కళ్లజోడు పెట్టుకుంది. ముఖం కెమెరాకు ఎంత దగ్గరగా తెచ్చిందంటే, తెరంతా ఒక కన్నే కనిపించింది. ఏదో గబగబా అడిగింది.

"తోలుకు ఏం చేశారు అని అడుగుతోంది," అంది మనవరాలు.

శివకృష్ణ బల్ల కింద హారతి కాలు తొక్కాడు. హారతి కాలు లాక్కుంది.

"అవ్వా, నాకు తోలును చూసుకోవడం చేతకాలేదు," అంది. "కంప్యూటర్లకని రాత్రీ పగలూ ఏసీ నడిపాను. ప్లాస్టిక్ పేజీల్లో పెట్టాను. సేనాపతి మెడ పగిలింది. చూశాను గాని, మీరు కాదంటారని దాచిపెట్టాను. ఈ మూడు రోజుల్లో ఎవరో తలలు తీసి నూనె పెట్టారు. నన్ను అడగలేదు. పోనివ్వండి, బాధ్యత నాదే. మీరు వద్దంటే బొమ్మలన్నీ తిరిగి పంపేస్తాను."

మనవరాలు చెబుతున్నంతసేపూ అవ్వ బొమ్మ వైపే చూస్తోంది. తర్వాత గేమ్ చూపించమంది. శివకృష్ణ కంట్రోలర్ పట్టాడు. ఉప్పు బేరగాడు మొదటి కనుమ దగ్గర విదూషకుడి తల తొడుక్కుని తన్నులు తిని అవతల పడ్డాడు. అవ్వ పకపకా నవ్వింది. ఇంకోసారి తన్నించమంది. ఆపేముందు బేరగాడి తల తీసి పక్కన పెట్టడం చూసి నవ్వు ఆపి, తల పంకించింది.

తర్వాత చాలాసేపు మాట్లాడింది. మనవరాలు ముక్కలు ముక్కలుగా చెప్పింది.

"మా నాన్న తలలకు మూడేళ్లకోసారి నేనే నూనె పెట్టేదాన్ని. పంపేటప్పుడు ఈ పని ఎవరు చేస్తారని అడగలేదు. మీరెవరూ చేయరనుకున్నాను, అందుకే ఇవాళ కాదని చెప్పడానికే కూర్చున్నాను. పగులు సంగతి నువ్వు దాచకుండా చెప్పావు, బాగుంది. కాని చెక్కిన గాట్లలో నూనె నిలవకుండా పెట్టడం నువ్వు నేర్చుకున్న పని కాదు. నీ చేతులు చూస్తేనే తెలుస్తుంది. ఆ చెయ్యి ఎవరిది? ఆ మనిషి మీ ఇంట్లో ఉంటే ముఖాలు ఇస్తాను. ఆ మనిషే వచ్చి తన నోటితో చెప్పాలి, ఏం పెట్టాడో, ఎలా పెట్టాడో."

హారతి తలెత్తలేదు. పేరు ఆమె నోటి దాకా వచ్చింది. పెద్దమనిషిని పట్టివ్వడానికి మనసొప్పలేదు.  కింద పదిహేను మగ్గాల చప్పుడు వినిపిస్తోంది.

గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. అప్పటిదాకా మెట్ల మీద నిలబడి వింటున్న సోమలింగం లోపలికొచ్చాడు. తడిచేత్తో జుట్టు దువ్వుకున్నాడు, చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు. అవతల ఏం మాట్లాడారని హారతిని అడిగాడు. విన్నాడు. రెండు చేతులూ గోళ్లు కనిపించేలా కెమెరా ముందు చాపాడు. గోళ్ల చివర్లు పసుపు పచ్చగా ఉన్నాయి.

"నేను చెప్తుంట, నువ్వు ఆమెకు చెప్పు బిడ్డా. ఒక్క మాట గూడ నా దిక్కు మలిపి చెప్పకు," అని మొదలుపెట్టాడు.

"అక్కా, నా పేరు సోమలింగం. తలకాయలు తీసింది నేనే. శుక్రారం పొద్దుమూకి, ఈ పిల్ల పెండ్లికి రైలెక్కినంక తీసిన. తోలు ఎండుతుంది బిడ్డా అని మూడుసార్లు చెప్పిన ఈమెకు. కాకా, నువ్వు చెయ్యి వెట్టకు అన్నది. ఆమె తప్పేం లేదు, నా చేతులు గట్లనే ఉంటయి, గిరీసుతోని. గని ఆ ఎర్రమొకపాయనను లైటుకు పట్టి చూస్తె మెడ పగిలి ఉన్నది. నాకు అన్నం సైసలే. పద్దెనిమిదేండ్లప్పుడు భీవండి పోతె నాకు ఇచ్చిన మొదటి పని పిక్కర్లకు నూనె తాపుడే. నలపై ఏండ్ల సంది తోలును గోటితోని కొట్టి చూసుడు నాకు అలవాటు. ఎండిన తోలు టక్కుమంటది, కడుపు నిండిన తోలు దబ్బుమంటది. నీ తలకాయలు పద్నాలుగు గూడ టక్కుటక్కుమన్నయి అక్కా. మిషిన్ నూనె పెట్టలే, ఒట్టు. అల్సీ నూనె, అవిసె గింజలది, కొనుక్కచ్చి, కాగవెట్టి, సల్లార్చి, పాత మలుమలు గుడ్డతోని ముందుగాల ఎనుక దిక్కు, తర్వాత ముందు దిక్కు తుడిసిన. గాట్లల్ల నూనె నిలువద్దని కోడి ఈకతోని ఒక్కొక్కటి తీసిన. కండ్లు గుంజినయి, అద్దాలు మా ఆమెవి పెట్టుకున్న. ఆరనీకి మూడు దినాలు పడ్తది. మంగళారం ఈమె ఒచ్చేలోపట ఎక్కడియక్కడ వెడ్దామనుకున్న. నువ్వు సోమారమే పిలిస్తివి. ఇగ ఏం చెయ్యాల్నో తెల్వక ఎలుకలని అబద్ధమాడిన. బల్లల కింద పాకిన. దుమ్ము తిన్న. తొమ్మిది నంబర్‌ను మూడు దినాలు బందు వెట్టి, బేరింగ్ పోయిందని కమలాకర్‌కు చెప్పిన, అది గూడ అబద్ధమే, దాని బేరింగ్ బంగారమసొంటిది. అడగకుంట తీసుడు తప్పు. ఒప్పుకుంటున్న. నూనె తాపుడు తప్పు గాదు. గది మాత్రం ఒప్పుకోను. మూడేండ్లకు మల్ల ఎండితె మల్ల తాపుత. అప్పుడు అడిగే తాపుత."